నర్సు పనితనాన్ని మంచం పక్కనే చూడాలి

2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి, నందిగామ పక్కన ఐతవరం దగ్గర జాతీయ రహదారి మునిగింది. హైదరాబాద్–విజయవాడ రాకపోకలు ఆగిపోయాయి. పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి ఆ రోడ్డు మూసుకుపోయిందంటే బెజవాడ పెద్దాసుపత్రి తలుపు మూసుకుపోయినట్టే. విజయవాడ నందిగామకు సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేటకు సుమారు 80. మామూలు రోజుల్లో ప్రాణం మీదికొచ్చిన కేసు ఏదైనా ఇక్కడ నాలుగు మందులు పడ్డాక ‘బెజవాడ తీసుకెళ్లండి’ అన్న మాట దగ్గరకే వస్తుంది. వరద రోజున ఆ మాట చెప్పినా లాభం లేదు. వరద లేని రోజున కూడా 108 వచ్చేదాకా, ఎక్కించేదాకా, ఒక్కోసారి దారి పొడవునా రోగి పక్కన ఉండేది డాక్టరు కాదు, నర్సు. బీపీ చూసేది, సూది వేసేది, ఊపిరి తేడాగా ఉందని ముందుగా పసిగట్టేది, డాక్టరును నిద్ర లేపాలా వద్దా అని తేల్చుకునేది ఆమే. అలాంటప్పుడు ఆ నర్సు ఆ పనులు చేయగలదో లేదో ప్రభుత్వం ఉద్యోగమిచ్చేటప్పుడు కళ్లారా చూసిందా? చూడలేదు. మార్కుల జాబితా చూసింది, రిజిస్ట్రేషన్ నంబరు చూసింది, కాంట్రాక్టులో ఎన్ని నెలలు పనిచేసిందో లెక్కకట్టింది. పని చేస్తుండగా మాత్రం చూడలేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఒకసారి, ఆ తర్వాత నిర్ణీత కాలానికోసారి ప్రతి నర్సు పనితనాన్నీ చేతి పరీక్షతో చూడాలని, ఆ పరీక్షలో రోగి ఎదుటి నిర్ణయాలు కూడా ఉండాలని నా వాదన. లోటు కనిపించినచోట నేర్పించే ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి. ఇది నర్సుల మీద అపనమ్మకంతో అడుగుతున్నది కాదు. వాళ్ల చేతుల్లో ఇంత పెట్టి, ఆ చేతులకు తగిన తర్ఫీదు అందిందో లేదో పట్టించుకోని వ్యవస్థను నిలదీయడానికి అడుగుతున్నది.

నందిగామ, జగ్గయ్యపేట ఆసుపత్రులకు వచ్చే కేసులు తేలికైనవి కావు. హైవే మీద ప్రమాదాలు సరేసరి. చుట్టూ పత్తి, మిర్చి, మామిడి. అంటే పాముకాట్లు, పురుగుమందు కేసులు. సున్నపురాయి నేల కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీలు, క్వారీలు. 2024 జూన్‌లో జగ్గయ్యపేట, పరిసర గ్రామాల్లో వాంతులు, విరేచనాలు ప్రబలాయి. ఆ మరుసటి నెలలోనే జగ్గయ్యపేట మండలం బూదవాడ సిమెంటు కర్మాగారంలో పేలుడు జరిగి కార్మికులు కాలిన గాయాల పాలయ్యారు. వీటిలో పాముకాటు ఒక్కటి తీసుకుందాం. రక్తపింజరి కరిచిందా, రక్తం గడ్డకట్టే గుణం పోయిందా అని తేల్చడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. శుభ్రమైన, పొడిగా ఉన్న చిన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదలకుండా నిలబెట్టి, ఆపైన మెల్లగా వంచి చూడాలి. గడ్డ కట్టకుండా పారితే విషం రక్తంలో పనిచేస్తున్నట్టే. విరుగుడు సీరం మొదలుపెట్టాలి. చదవడానికి ఇంత సులువు. గాజు గొట్టానికి బదులు ప్లాస్టిక్ సీసా వాడినా, సబ్బు పొడితో కడిగిన గొట్టం తీసుకున్నా, మధ్యలో ఊపి చూసినా ఫలితాన్ని నమ్మలేం. మొదటిసారి గడ్డ కట్టిందని వదిలేస్తే కుదరదు, మళ్లీ మళ్లీ చేయాలి. కట్లపాము కాటైతే ఈ పరీక్ష ఏమీ చెప్పదు. కాటు గుర్తు కూడా సరిగా కనిపించదు. కడుపునొప్పి అంటూ తెల్లవారుజామున వచ్చిన కూలీ కనురెప్పలు వాలిపోతున్నాయని గమనించడమే అక్కడ అసలు పరీక్ష. సీరం ఎక్కుతుండగా ఒళ్లంతా దద్దుర్లు వచ్చి బీపీ పడిపోతే వెంటనే ఇవ్వాల్సిన అడ్రినలిన్ నర్సు ముందే సిరంజిలోకి తీసి పక్కన పెట్టుకుందా లేదా? దీనికి జవాబు ఏ మార్కుల జాబితాలోనూ దొరకదు. ‘కట్లపాము విషం లక్షణాలు రాయండి’ అంటే పది మార్కులకు పది రాసే అమ్మాయి కూడా ఆ రెప్పలను గుర్తించకపోవచ్చు. బెరుకుతో సరిగా రాయని అమ్మాయి చటుక్కున పట్టేయవచ్చు.

మరి మనం నర్సులను ఎలా ఎంచుకుంటున్నాం? ఆంధ్రప్రదేశ్‌లో స్టాఫ్ నర్సు పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్లలో వంద మార్కుల లెక్క దాదాపు ఒకటే. కోర్సులో వచ్చిన మార్కులకు 75. కోర్సు పాసయ్యాక గడిచిన ఏళ్లకు ఏడాదికి ఒకటి చొప్పున 10 దాకా. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 15 దాకా. ఇందులో నడిమి పది చూడండి. పాసైన నాటి నుంచి ఇంట్లో కూర్చున్నా ఆ మార్కులు పెరుగుతాయి. సూది పట్టుకుని పదేళ్లయినా పది మార్కులు చేతికొస్తాయి. కాంట్రాక్టు సేవకు ఇచ్చే మార్కుల వెనుక న్యాయం ఉంది. కొవిడ్ రోజుల్లో ప్రాణాలకు తెగించి పనిచేసినవాళ్లను పక్కన పెట్టడం అన్యాయమే. అయితే అది సేవకు ఇచ్చే గుర్తింపు. అంతమాత్రాన అది పనితనానికి కొలత అయిపోదు. జగ్గయ్యపేట దాటి గరికపాడు చెక్‌పోస్టు అవతలికి వెళ్తే తెలంగాణ. అక్కడ 2023 ఆగస్టులో వైద్య నియామకాల బోర్డు స్టాఫ్ నర్సులకు కంప్యూటర్ మీద పరీక్ష పెట్టింది. 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు సర్వీసుకు. వేల మందిని తీసుకున్నారు. ఇది మనదానికన్నా ఒక మెట్టు మేలు. ఎప్పుడో పాసైన మార్కులను కాకుండా, ఇవాళ ఏం తెలుసని అడిగింది. కానీ ఆ పరీక్షా నాలుగు జవాబుల్లో ఒకదాన్ని గుర్తించమని అడిగేదే. సరిహద్దుకు ఇటు మార్కుల వెయిటేజీ, అటు కంప్యూటర్ తెర. రెండు వైపులా చేతులు చూసినవాళ్లు లేరు.

కాలేజీల్లో చూస్తున్నారు కదా అంటారు. చూడాలనే నిబంధన ఉంది, నిజమే. బీఎస్సీ నర్సింగ్‌కు భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో కొత్త సిలబస్ తెచ్చింది. సెమిస్టర్ పద్ధతి వచ్చింది, సామర్థ్యాలకు పెద్దపీట వేశారు, స్టేషన్ల వారీగా పని చేయించి చూసే ఓస్కీ పరీక్షకూ చోటిచ్చారు. ఓస్కీని 1970ల్లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ వైద్య విద్యార్థుల కోసం తయారుచేశారు. విద్యార్థి ఒక్కో బల్ల దగ్గర కొన్ని నిమిషాలు నిలబడి, అక్కడి పని చేసి చూపించాలి. పరీక్షకుడు ముందే రాసిపెట్టుకున్న జాబితా ప్రకారం మార్కులు వేస్తాడు. 1990లో జార్జ్ మిల్లర్ అనే వైద్య విద్యావేత్త ఇంకొంచెం స్పష్టంగా చెప్పాడు: తెలియడం ఒక మెట్టు, ఎలా చేయాలో తెలియడం రెండోది, చేసి చూపడం మూడోది, ఎవరూ చూడనప్పుడు కూడా అలాగే చేయడం నాలుగోది. మన నియామకాలు మొదటి రెండు మెట్ల మీదే ఆగిపోయాయి. కాలేజీలో మూడో మెట్టు ఉన్నా, నేర్పేదీ పరీక్షించేదీ చాలావరకు ఒకే కాలేజీ. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చేది ఒకటి రెండు రోజులకు. ఆ కాస్త సమయంలో బ్యాచ్ మొత్తాన్ని చూడాలి. శిక్షణలో ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులుండాలని కౌన్సిల్ నియమం. మంచాలు సగం ఖాళీగా ఉండే ఆసుపత్రికి అనుబంధంగా నడిచే కాలేజీలో ఈ లెక్క ఎలా కుదురుతుంది? పదిమంది అమ్మాయిలు ఒక మంచం చుట్టూ నిలబడితే ఒకరు క్యాథెటర్ వేస్తారు, తొమ్మిదిమంది చూస్తారు, పదిమందీ లాగ్‌బుక్కులో రాసుకుంటారు. ఇందులో ఆ అమ్మాయిల తప్పేముంది? అప్పుచేసి ఫీజు కట్టిన తల్లిదండ్రుల పిల్లలు వాళ్లు. నేర్పాల్సినవాళ్లు నేర్పలేదన్న సంగతి రోగి ముందు నిలబడిన రోజున, ఒంటరిగా, రాత్రి డ్యూటీలో బయటపడటం వాళ్లకు జరుగుతున్న అన్యాయం.

రాత పరీక్షకూ పనికీ మధ్య ఎంత దూరముంటుందో చూపే మొదటి సాక్ష్యం మన దేశంలోనే ఉంది. బిహార్ గ్రామాల్లో వైద్యం చేసేవాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. వాళ్లలో ఎక్కువమందికి వైద్య డిగ్రీలు లేవు. విరేచనాలైన బిడ్డకు ఏం చేస్తారని ముందు నోటిమాటగా అడిగారు. ఆ తర్వాత, తర్ఫీదు ఇచ్చిన మనుషులను బిడ్డ తల్లిదండ్రుల్లా వాళ్ల దగ్గరకే పంపారు. అడిగినప్పుడు ఓఆర్‌ఎస్ అన్నవాళ్లలో చాలామంది, ఎదురుగా మనిషి వచ్చేసరికి అనవసరమైన, హాని చేసే మందులే రాశారు. తెలియక కాదు, తెలిసీ చేయలేదు. ఈ తేడాను ఏ ప్రశ్నపత్రమూ పట్టుకోలేదు. విరేచనాల బాధ చూసిన జగ్గయ్యపేటకు ఈ సంగతి విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. రెండో సాక్ష్యం అమెరికాది. ఫ్లోరిడాలోని కొన్ని నర్సింగ్ స్కూళ్లు 7,600కు పైగా నకిలీ డిప్లమాలు అమ్మాయని 2023 జనవరిలో అక్కడి దర్యాప్తు సంస్థలు బయటపెట్టాయి. అవసరమైన క్లినికల్ శిక్షణ పూర్తి చేయకుండా ఆ కాగితాలు కొన్నవాళ్లలో సుమారు 2,400 మంది అమెరికా జాతీయ లైసెన్సు పరీక్షలో పాసయ్యారు. ప్రపంచంలోనే గట్టిదని పేరున్న కంప్యూటర్ పరీక్ష అది. చదివి పాసయ్యారు, కానీ ఆ శిక్షణ లేకుండానే పాసయ్యారు. బ్రిటన్ ఈ విషయంలో మరో దారి పట్టింది. విదేశీ నర్సు అక్కడ పనిచేయాలంటే కంప్యూటర్ పరీక్ష తర్వాత పది స్టేషన్ల చేతి పరీక్ష కూడా పాసవ్వాలి. దాని కోసం మన పిల్లలు నెలల తరబడి సాధన చేస్తున్నారు. నందిగామ పక్క పల్లెలో పుట్టిన అమ్మాయి లండన్ రోగిని తాకాలంటే పది బల్లల దగ్గర చేసి చూపించాలి. సొంత ఊరి రోగిని తాకడానికి ఆ అవసరం లేదు. మన రోగి ప్రాణం లండన్ రోగి ప్రాణం కన్నా ఎందుకు చవకైంది?

చేతి తర్ఫీదు, చేతి పరీక్ష ప్రాణాలు నిలుపుతాయా అంటే, ప్రసవం తర్వాత రక్తస్రావం విషయంలో చాలా గట్టి జవాబు 2023లో వచ్చింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో, రెండు లక్షలకు పైగా ప్రసవాల మీద జరిగిన ప్రయోగమది. కొత్త మందేమీ లేదు. ప్రసవమైన తల్లి కింద కొలతగీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచారు. రక్తం ఎంత పోయిందో కంటి అంచనాకు వదలకుండా కొలిచారు. గీత దాటగానే గర్భసంచిని మర్దించడం, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, గాయాల కోసం పరీక్ష – వీటిని ఒకదాని తర్వాత ఒకటి ఎదురుచూస్తూ కాకుండా వెంటవెంటనే చేసేలా మిడ్‌వైఫ్‌లకు, నర్సులకు తర్ఫీదిచ్చారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల పొట్ట కోయాల్సి రావడం, మరణం – వీటన్నింటి లెక్క కలిపి 60 శాతం తగ్గింది. జగ్గయ్యపేట నుంచి బెజవాడ చేరేలోపు ఒక తల్లి ఒంట్లో రక్తమంతా పోగలదు. ఇక్కడి ప్రసవ గదిలో నర్సు ఆ సంచి గీతను చదవగలగాలి, చదివిన నిమిషంలోనే చేయి వేయగలగాలి. మన దగ్గర ఇందుకు పునాది లేకపోలేదు. 2015లో మొదలైన ‘దక్షత’, 2017లో వచ్చిన ‘లక్ష్య’ కార్యక్రమాల్లో ప్రసవ గది సిబ్బందికి స్టేషన్ల వారీ చేతి పరీక్షల ఏర్పాటు ఉంది. అంటే ఈ పద్ధతి ప్రభుత్వానికి కొత్త కాదు, ఖర్చు భరించలేనిదీ కాదు. ప్రసవ గది తలుపు దాటి క్యాజువాలిటీకి, జనరల్ వార్డుకు రావాలి, అంతే.

అయితే ఎదురు సాక్ష్యం కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఉత్తరప్రదేశ్‌లో 24 జిల్లాల్లో ప్రసవ సమయపు జాగ్రత్తల పట్టికతో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. ఫలితాలు 2017లో వచ్చాయి. ఆసుపత్రులకు కోచ్‌లను పంపి, నర్సుల పక్కన నిలబెట్టి, తప్పొప్పులు చూపించారు. రెండు నెలలకు, కోచ్‌లున్న చోట చేయాల్సిన పనుల్లో 73 శాతం దాకా జరిగాయి, లేనిచోట 42 శాతమే. మంచి మార్పే. ఏడాదయ్యేసరికి, కోచ్‌ల రాకపోకలు ఆగిపోయాక, అది 62 శాతానికి జారింది. అన్నిటికన్నా బాధాకరమైన సంగతి, తల్లీబిడ్డల మరణాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. దీన్ని చూపి ‘పరీక్షలు, తర్ఫీదులు వృథా’ అనేవాళ్లున్నారు. నాకు ఇందులో రెండు సంగతులు కనిపిస్తున్నాయి. ఒకసారి చూసి వదిలేస్తే పనితనం నిలవదు; పక్కన నిలబడి సరిదిద్దే మనిషి ఎప్పుడూ ఉండాలి. రెండోది, నర్సు చేతులు ఎంత బాగున్నా రక్తం సీసా లేకపోతే, ఆపరేషన్ చేసే డాక్టరు లేకపోతే, బిడ్డకు ఊపిరి పోసే అంబు బ్యాగు చిరిగి ఉంటే ప్రాణం నిలవదు. చేతి పరీక్ష ఒక్కటే అన్నిటికీ మందు అని నేను అనడం లేదు. మిగతావి ఎక్కడ లేవో కూడా అదే పరీక్ష పట్టి చూపేలా దాన్ని తయారుచేయాలంటున్నాను.

నర్సుల సంఘాల నుంచి వచ్చే అభ్యంతరం కూడా ఇక్కడే ఉంది, అన్నింట్లోకీ గట్టిది అదే. ‘ఒక్కో నర్సు మీద ముప్పైమంది రోగులను పెట్టి, పైనుంచి పరీక్ష పెడతారా’ అంటే జవాబు చెప్పక తప్పదు. బోధనాసుపత్రులు కాని చోట జనరల్ వార్డులో అయిదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ ప్రమాణం ఎంత దూరంలో ఉందో ప్రభుత్వాసుపత్రి వార్డులో ఒక రాత్రి పడుకున్న ఎవరికైనా తెలుసు. యూరప్‌లో తొమ్మిది దేశాల్లో, 300 ఆసుపత్రుల్లో జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడితే ఆపరేషన్ అయిన రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతుందని తేలింది. డిగ్రీ చదివిన నర్సుల వాటా పది శాతం పెరిగిన చోట అది 7 శాతం తగ్గుతుందని కూడా అదే అధ్యయనం చెప్పింది. సంఖ్యా కావాలి, చదువూ కావాలి. ఒకటి చూపి రెండోదాన్ని ఆపడానికి వీల్లేదు. అందుకే చేతి పరీక్ష మార్కుల షీటులో రెండు వరసలుండాలి. ఒక వరసలో నర్సు ఏం చేసింది, ఏం చేయలేదు. రెండో వరసలో ఆ పనికి కావాల్సిన మనిషి, మందు, పరికరం ఆ ఆసుపత్రిలో ఉన్నాయా లేదా. గాజు గొట్టమే లేని ఆసుపత్రిలో పాముకాటు పరీక్ష చేయలేదని నర్సుకు సున్నా వేయకూడదు, ఆ సున్నా ఆసుపత్రికి పడాలి. ఆ రెండో వరసను ఆసుపత్రి అభివృద్ధి కమిటీ ముందు పెట్టాలి, నోటీసు బోర్డు మీద అంటించాలి. ఖాళీలు నింపండని నర్సులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఫలానా రాత్రి ఫలానా పని జరగకపోవడానికి మనిషి లేకపోవడమే కారణమని ప్రభుత్వ కాగితమే చెబితే, ఆ డిమాండును పక్కన పడేయడం అంత తేలిక కాదు.

‘నర్సు డాక్టరు చెప్పింది చేస్తుంది, నిర్ణయం డాక్టరుది, ఇంత పరీక్ష ఎందుకు’ అనే మాట డాక్టర్లలో కొందరి నోట వినిపిస్తుంది. ఇది పాతబడిన మాట. రాష్ట్రంలో 10,032 గ్రామీణ ఆరోగ్య కేంద్రాలు తలపెట్టి, వాటిలో బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లను మిడ్‌లెవల్ హెల్త్ ప్రొవైడర్లుగా కూర్చోబెట్టింది ప్రభుత్వమే. బీపీ, షుగర్ మందులు ఇచ్చేది, జ్వరం ఏ తరహాదో అంచనా వేసేది, ఎవరిని పైకి పంపాలో తేల్చేది వాళ్లే. పాత డిగ్రీ మీద ఆరు నెలల బ్రిడ్జి కోర్సుతో చాలామంది ఆ కుర్చీలోకి వచ్చారు. వత్సవాయిలోనో చందర్లపాడులోనో ఛాతీలో మంటగా ఉందని వచ్చిన యాభై ఏళ్ల రైతుకు గ్యాస్ మాత్ర ఇచ్చి పంపాలా, ఆస్పిరిన్ వేసి 108 పిలవాలా? ఆ నిర్ణయం అక్కడే, ఆ నిమిషంలోనే జరుగుతుంది. డాక్టరు ఫోన్‌లో దొరికితే దొరుకుతాడు. నిర్ణయం ఆమెది కానప్పుడు ఆ కుర్చీ ఎందుకు వేశాం? ఆమెదే అయితే, నిర్ణయించే శక్తిని పరీక్షించాలి. దాంతోపాటే, ఏ స్థితిలో డాక్టరు సంతకం కోసం ఆగకుండా ఏ మందు మొదలుపెట్టవచ్చో రాతపూర్వకంగా అధికారం ఇవ్వాలి. అధికారం ఇవ్వకుండా సామర్థ్యాన్ని మాత్రమే పరీక్షించడం నర్సును మోసం చేయడమే.

వేధింపుల భయం కూడా కొట్టిపారేసేది కాదు. ముఖ్యంగా కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ నర్సులకు ‘పరీక్ష’ అంటే ‘పీకేయడానికి సాకు’ అనే వినిపిస్తుంది. రెన్యూవల్ కోసం ఏటా బితుకుబితుకుమంటూ బతికేవాళ్లు అలా అనుకోవడంలో తప్పు లేదు. కాబట్టి మొదటి రెండుసార్లు ఈ పరీక్ష ఫలితం ఉద్యోగం మీద పడకూడదని ఉత్తర్వులోనే రాయాలి. తప్పిన స్టేషన్‌కు డ్యూటీ వేళల్లోనే, జీతంతోనే తర్ఫీదు, మళ్లీ పరీక్ష. పరీక్షించేది వేరే జిల్లా నుంచి వచ్చిన సీనియర్ నర్సులు కావాలి, ఒక్కో బల్ల దగ్గర ఇద్దరు. సొంత ఆసుపత్రి సూపరింటెండెంటో, డాక్టరో కాకూడదు. ఏ పనికి ఎన్ని మార్కులో ముందే అందరికీ ఇవ్వాలి. దాచిపెట్టి పట్టుకోవడం ఇక్కడ ఉద్దేశం కాదు. చేయి తడిపే అలవాటు ఉన్నచోట ఏ పరీక్షనైనా కొనవచ్చనే మాట నిజమే. అయినా తెలిసిన జాబితా, ఇద్దరు బయటి పరీక్షకులు, వీడియో రికార్డింగు ఉన్న పరీక్షను కొనడం, సొంత కాలేజీ వేసే ప్రాక్టికల్ మార్కులను కొనడం కన్నా కష్టం. ఉన్న దాంట్లో మేలైనది ఎంచుకోవాలి.

ప్రైవేటు నర్సింగ్ హోముల మాట ఎత్తకపోతే సగమే చెప్పినట్టు. ఈ పట్టణాల్లో జనం ముందుగా వెళ్లేది చాలాసార్లు అక్కడికే. 2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఆ ఆసుపత్రులు రిజిస్టర్ కావాలి, అర్హత ఉన్న సిబ్బందిని పెట్టుకోవాలి. తెల్ల కోటు వేసుకుని ‘సిస్టర్’ అనిపించుకునే ప్రతి ఒక్కరూ జీఎన్‌ఎం డిప్లమానో, బీఎస్సీ నర్సింగో చదివినవారు కారన్నది అందరికీ తెలిసిందే. ఇంటర్ ఒకేషనల్ చదివినవాళ్లు, ఏ కోర్సూ చదవకుండా పనిలో నేర్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో పనిమంతులూ ఉంటారు. కానీ రోగికి తెలిసే దారి ఏది? తనిఖీకి వచ్చిన అధికారి సర్టిఫికెట్ల ఫైలు చూసి వెళ్తే, ఆ ఫైలులో పేరున్న నర్సు అసలు ఆ ఆసుపత్రిలో ఉందో లేదో కూడా తెలియదు. ఆ రోజు డ్యూటీలో ఉన్న ఇద్దరిని పిలిచి రెండు స్టేషన్లు చేయించి చూస్తే గంటలో తేలిపోతుంది. రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు అయిదేళ్లలో 150 గంటల నిరంతర విద్య ఉండాలన్న కౌన్సిల్ నియమం కూడా ఇలాగే కూర్చున్న గంటలను లెక్కపెడుతోంది. అందులో మూడో వంతైనా చేసి చూపిన పనులకు కేటాయిస్తే సెమినార్ హాలు సంతకాలకన్నా మేలు జరుగుతుంది.

ఇది ఎక్కడో ఢిల్లీలో తేలేదాకా ఆగాల్సిన పనికాదు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2023లో చేసింది. దాని కింద రాష్ట్ర కమిషన్ పనిచేయడం మొదలుపెట్టగానే చేతి పరీక్ష నియమం పెట్టుకోవచ్చు. అంతకన్నా ముందు, రాష్ట్రం తన చేతిలో ఉన్న స్టాఫ్ నర్సుల నోటిఫికేషన్‌లోనే మార్చవచ్చు. కోర్సు మార్కులకు ఇచ్చే 75లో 25 తీసి స్టేషన్ పరీక్షకు ఇవ్వాలి. పాసైన ఏళ్లకు ఇచ్చే పది మార్కులను రోగుల మధ్య గడిపిన ఏళ్లకు మార్చాలి. చేరిన కొత్త నర్సును మొదటి మూడు నెలలు రాత్రి డ్యూటీలో ఒంటరిగా వదలకూడదు. ఒక సీనియర్ సిస్టర్‌తో జత కలపాలి, ఆ సీనియర్‌కు అలవెన్సు ఇవ్వాలి. నందిగామ, జగ్గయ్యపేట ఆసుపత్రులతో మొదలుపెడితే స్టేషన్లు ఏవో ఈ నేలే చెబుతుంది: పాముకాటు, పురుగుమందు, ప్రసవానంతర రక్తస్రావం, ఏడవని బిడ్డ, కాలిన గాయాలు, కళ్లు లోతుకు పోయిన విరేచనాల పసివాడు, హైవే మీద తలకు దెబ్బ తగిలినవాడు. చివరి స్టేషన్ రిఫరల్ చీటీ: ఏ మందు, ఎంత మోతాదు, ఏ గంటకు ఇచ్చారు, పంపేటప్పుడు బీపీ, నాడి ఎంత, బెజవాడలో ఏ డాక్టరుతో మాట్లాడారు – ఇవన్నీ 108 సిబ్బందికి చదివి వినిపించి, అర్థమైందో లేదో అడిగి తెలుసుకోవాలి. బొమ్మలకు, గొట్టాలకు, సంచులకు అయ్యే ఖర్చు రెండు ఆసుపత్రుల అభివృద్ధి నిధుల్లోనే సర్దుకుంటుంది. నర్సింగ్ పరీక్షలు నిర్వహించే ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడలోనే ఉంది. పరీక్షకులకు తర్ఫీదు అక్కడే ఇవ్వవచ్చు. ఈ ఏడాది వానాకాలం లోపే, మున్నేరుకు మళ్లీ నీళ్లొచ్చే లోపే మొదటి విడత పూర్తి చేయవచ్చు.